కోటీ 65 లక్షల అక్షరాల ఎర్ర నాచు

జెల్లీ చేయడానికి వాడే చైనా గ్రాస్, ల్యాబుల్లో బ్యాక్టీరియాను పెంచే అగార్ ఒకటే పదార్థం. రెండూ సముద్రపు ఎర్ర నాచు నుంచి వచ్చేవే. ఎర్ర నాచుల జన్యు సమాచారం ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితం. అమెరికాలోని జెన్‌బ్యాంక్, యూరప్, జపాన్‌లలోని దాని జోడీ భాండాగారాలు ఒకదానికొకటి సమాచారం పంచుకుంటాయి. ఎక్కడ వెతికినా అదే దొరుకుతుంది.

ఈ సమాచారాన్ని చదవడం మొదలుపెట్టడానికి సయనిడియోస్కైజాన్ మెరోలేను మించింది లేదంటాను. వేడి ఆమ్లపు ఊటల్లో బతికే ఏకకణ ఎర్ర నాచు ఇది. జపాన్ శాస్త్రవేత్తలు 2004లో దీని జీనోమ్‌ను ప్రచురించారు, 2007లో ఒక్క ఖాళీ కూడా మిగలకుండా పూర్తి చేశారు. మొత్తం 20 క్రోమోజోములు, 1,65,46,747 డీఎన్‌ఏ అక్షరాలు. అక్షరానికి ఒక బైటు చొప్పున చూస్తే సుమారు 16.5 ఎంబీ, ఫోన్‌లో తీసిన నాలుగైదు ఫొటోలంత! 2004లో లెక్కించిన 5,331 జన్యువుల్లో మధ్యలో ఇంట్రాన్లు (ప్రోటీన్ సమాచారం లేని అడ్డు భాగాలు) ఉన్నవి 26 మాత్రమే. అందుకే జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొత్త విద్యార్థి కూడా ఇందులో తేలిగ్గా పట్టుకోగలడు.

2013లో వెలువడిన కాండ్రస్ క్రిస్పస్ సంగతి వేరు. ఐస్‌క్రీముల్లో వాడే క్యారజీనన్‌ను ఇచ్చే ఈ నాచు జీనోమ్ 10.5 కోట్ల అక్షరాలు, అంటే మెరోలేకు ఆరు రెట్లకు పైనే. జన్యువులు మాత్రం 9,606, రెట్టింపు కూడా కాదు. మిగతా చోటులో చాలా భాగాన్ని తమను తామే నకలు చేసుకుంటూ పోయే డీఎన్‌ఏ ముక్కలు ఆక్రమించాయి. జీనోమ్ పరిమాణం చూసి జీవి సంక్లిష్టతను అంచనా వేయకూడదని నాకు ఇంత సూటిగా చెప్పిన అంకెలు వేరే లేవు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది గాల్డీరియా సల్ఫ్యురేరియా అనే ఎర్ర నాచు. అదే ఏడాది వచ్చిన దాని జీనోమ్‌లో కనీసం 5 శాతం జన్యువులు బ్యాక్టీరియా, ఆర్కియాల నుంచి వచ్చి చేరినవి. వేడినీ విషలోహాలనూ తట్టుకునే శక్తిలో వాటికీ వాటా ఉంది. చిక్కు కూడా ఇక్కడే. నాచు ఒంటి మీద బ్యాక్టీరియా మామూలే, నమూనాతో పాటు దాని డీఎన్‌ఏ కూడా కలిసి రావచ్చు. మరి వెతుకులాటలో బ్యాక్టీరియాను పోలిన జన్యువు తగిలితే అది అరువు తెచ్చుకున్నదా, అంటుకొచ్చినదా? దాని ఇరుగుపొరుగు జన్యువులు చూడాలి. పొడవైన డీఎన్‌ఏ ముక్కలో అటూ ఇటూ నాచు జన్యువులే ఉంటే చాలావరకు నమ్మవచ్చు. పొట్టి ముక్కలో అన్నీ బ్యాక్టీరియావే అయితే అనుమానించాలి. అందుకే జన్యువు ఒక్కటే కాదు, అది ఉన్న ముక్కంతా డౌన్‌లోడ్ చేసుకోండి.