బిడ్డకు పెట్టేది అవ్వ, సలహా అమ్మకి

సంగం వైపు పెన్నా కాలువల కింద నాట్లు మొదలయ్యాయంటే కూలి తల్లులు పొద్దున్నే పొలానికి పోతారు. ఏడెనిమిది నెలల బిడ్డ అవ్వ దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం చారు తేటతో పిసికిన అన్నం నాలుగు ముద్దలు, బిడ్డ ఏడిస్తే టీలో ముంచిన బిస్కెట్టు. ఇంట్లో పప్పు లేక కాదు, పసిదానికి అరగదేమోనని భయం. ఆశా కార్యకర్తకైనా, అంగన్‌వాడీ టీచరుకైనా ముందు ఎదురయ్యేది ఆ భయమే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆర్నెల్లు దాటిన పిల్లల్లో 63 శాతానికి రక్తహీనత. దేశం మొత్తమ్మీద ఆర్నెల్ల నుంచి రెండేళ్లలోపు పిల్లల్లో చాలినంత తిండి అందుతున్నది 11 శాతానికే. దీన్నంతా పేదరికం ఖాతాలో వేయడం కుదరదు.

చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఆర్నెల్లు నిండేదాకా తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు. తర్వాత పాలొక్కటే చాలవు, ముఖ్యంగా ఇనుము చాలదు. తొమ్మిదో నెల వచ్చేదాకా రోజుకు రెండు మూడు సార్లు, ఆ తర్వాత మూడు నాలుగు సార్లు తిండి పెట్టాలి. రెండేళ్లదాకా పాలు మాన్పించకూడదు. తిండి చెంచాలో నిలిచేంత గట్టిగా ఉండాలి. పసిపొట్ట చిన్నది, పల్చటి జావతోనే నిండిపోతుంది, బలం మాత్రం రాదు.

ఇదంతా కార్యకర్తలకు కంఠతా వచ్చు. చిక్కంతా చెప్పే తీరులోనే. "బిస్కెట్టు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అంటే తల్లి "సరే అక్కా" అంటుంది, ఈసారి బిస్కెట్టు దాచిపెడుతుంది. అందుకే శిక్షణలో నాలుగు మెట్లు నేర్పుతారు: అడగడం, మెచ్చుకోవడం, సలహా ఇవ్వడం, అర్థమైందో లేదో చూసుకోవడం. ఆ మాట ఇలా సాగుతుంది:

"నిన్న బిడ్డకి ఏమేం పెట్టినావమ్మా?"

"చారన్నం అక్కా. రెండు ముద్దలు తిని ఉమ్మేసింది."

"పాలు మాన్పించకుండా ఇస్తున్నావు, మంచిపని. రేపు చారు బదులు ఉడికిన పప్పు మెదిపి, కాస్త నెయ్యేసి పెట్టి చూడు. మధ్యాహ్నం ఎవరు పెడతారు?"

"నేను నాటుకు పోతే మా అత్తే గదక్కా."

చూశారా, సలహా వినాల్సిన మనిషి అసలు అక్కడ లేదు! ఆ చివరి ప్రశ్న అడగకపోతే మిగతా మాటలన్నీ వృథా. ఇలా అడిగే నేర్పు హాల్లో కూర్చుని ఉపన్యాసం వింటే పట్టుబడదు. తల్లుల దగ్గర కూర్చుని మాట్లాడాలి, పక్కన ఒకరు గమనించి సరిదిద్దాలి.

ఇంటికి వెళ్లి ఇలా చెప్పడం పనిచేస్తుందనడానికి రుజువు మన దగ్గరే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ జిల్లాలో 60 ఊళ్లను మూడు వర్గాలు చేసి, ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. ఒక వర్గానికి మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో వర్గానికి వాటితోపాటు ఏం పెట్టాలో చెప్పారు. మూడో వర్గానికి బిడ్డ ఆకలి సైగలు చూసి ఎలా పెట్టాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పారు. 2013లో ఫలితాలు వచ్చాయి. సలహా అందిన పిల్లల తిండి మెరుగుపడింది. రెండో వర్గంలో ఎదుగుదల, మూడో వర్గంలో మానసిక వికాసం మెరుగ్గా కనిపించాయి. కొట్టి, ముక్కు మూసి మింగించే అలవాటున్న మనం ఆ మూడో వర్గం గురించి ఆలోచించాలి.

అయితే ఆ ఆడవాళ్లు ఒక్కో ఇంటికి ఏడాదిలో పదులసార్లు వెళ్లారు. 2018లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమంలో ఆశా వెళ్లాల్సింది 3, 6, 9, 12, 15 నెలలప్పుడు, మొత్తం అయిదుసార్లే. అంత తక్కువ సమయంలో ఒక్క మాట కూడా వృథా కాకూడదు. అందుకే సూపర్‌వైజర్లకు ఒక మనవి: రిజిస్టర్లు, తూకాలు చూశాక నెలకు ఒక ఇంటికైనా కార్యకర్తతో కలిసి వెళ్లండి. ఆమె ఎలా మాట్లాడుతోందో వినండి. అత్తగారిని కూడా పిలిచి కూర్చోబెట్టండి.