ఆడిటర్ ఫీజు ఎప్పుడు గిట్టుబాటు?

2024 జులై 31న ఒక్కరోజే దేశంలో 69.92 లక్షల ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలయ్యాయి. ఆ గడువుకు పడిన మొత్తం 7.28 కోట్లు. అంటే సుమారు పదిమందిలో ఒకరు చివరి రోజు దాకా ఆగారన్నమాట. ఆ 7.28 కోట్లలో 45.77 శాతం ఐటీఆర్-1. జీతం, పింఛను, బ్యాంకు వడ్డీ తప్ప పెద్దగా వేరే ఆదాయం లేనివాళ్ల ఫారం అది. జులై నెలాఖరున ఆడిటర్ ఆఫీసుల్లో కంపెనీ ఇచ్చిన ఫారం-16 పట్టుకుని కూర్చునేవాళ్లలో ఈ కోవవాళ్లు తక్కువేం కాదు.

సాదా జీతం రిటర్నుకు ఆడిటర్ వెయ్యి రూపాయలు అడిగాడనుకుందాం. ఆ డబ్బుకు ఆయన చేసే పని ఏమిటి? ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో రిటర్ను వేయడానికి రుసుమేమీ లేదు. జీతం, కోసిన టీడీఎస్, బ్యాంకు వడ్డీ, డివిడెండ్లు చాలావరకు ముందే నింపి ఉంటాయి. మిగిలింది సరిచూసుకోవడం. ఫారం-16, కోసిన పన్ను చూపే ఫారం 26ఏఎస్, ఏఐఎస్ అనే వార్షిక సమాచార నివేదిక, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే గంటలో తేలిపోతుంది. నా లెక్కలో ఈ పనికి వెయ్యి రూపాయలు దండగే. అయితే ఆ గంట కూర్చోవడం మానేస్తే మాత్రం వెయ్యితో పోదు.

2025-26 ఆర్థిక సంవత్సరం అంకెలతోనే చూద్దాం. కొత్త పన్ను విధానంలో ఆదాయం 12 లక్షల దాకా ఉంటే రిబేటు వల్ల పన్ను పడదు. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ రూ.75,000 కలుపుకుంటే 12.75 లక్షల దాకా సున్నా. సరిగ్గా ఆ జీతమే ఉన్న ఒకాయనకు ఫిక్సెడ్ డిపాజిట్ మీద రూ.45,000 వడ్డీ వచ్చింది. ఏడాదికి 50 వేలు దాటలేదు కాబట్టి బ్యాంకు టీడీఎస్ కోయలేదు. కోయలేదు గనుక పన్ను లేదనుకున్నాడు. నిజానికి ఆయన ఆదాయం ఇప్పుడు 12,45,000. శ్లాబుల ప్రకారం పన్ను రూ.66,750 కావాలి. 12 లక్షలు దాటిన మొత్తం కన్నా పన్ను ఎక్కువ ఉండకూడదన్న మార్జినల్ రిలీఫ్ వల్ల అది 45,000కు తగ్గుతుంది. దానిపై 4 శాతం సెస్సు వేస్తే రూ.46,800. వడ్డీ వచ్చింది 45 వేలు, పన్ను దాన్ని మించిపోయింది! ఏఐఎస్ తెరిచి ఉంటే ఆ వడ్డీ అక్కడే కనిపించేది. ఫారం-16 ఒక్కటే వాట్సాప్‌లో పంపి ఊరుకుంటే ఆడిటర్‌కూ కనపడకపోవచ్చు.

మధ్యలో ఉద్యోగం మారినవాళ్ల సంగతి ఇంకా చిత్రం. సెప్టెంబరు దాకా నెలకు లక్ష, అక్టోబరు నుంచి వేరే కంపెనీలో లక్షా పాతిక వేలు అనుకోండి. మొదటి కంపెనీ ఏడాదికి 12 లక్షలని లెక్కేసి టీడీఎస్ కోయదు. పాత జీతం సంగతి చెప్పకపోతే, రెండో కంపెనీకి కనిపించేది ఏడున్నర లక్షలే కాబట్టి అదీ కోయదు. రెండూ కలిపితే 13.5 లక్షలు, స్టాండర్డ్ డిడక్షన్ ఒకసారే తీసేస్తే 12.75 లక్షలు, సెస్సుతో పన్ను రూ.74,100. ముందస్తు పన్ను కట్టనందుకు, జులైలో చెల్లించినా, వడ్డీ మరో 6,700 దాకా పడుతుంది. కష్టమైన లెక్కేం కాదు, రెండు ఫారం-16లూ చేతిలో ఉంటే పోర్టలే వేసి పెడుతుంది.

పాత విధానమా, కొత్తదా అన్నదానికీ ఆడిటర్ అక్కర్లేదు. జీతం 15 లక్షలైతే కొత్త విధానంలో పన్ను రూ.97,500. పాత విధానంలో అంతకన్నా తగ్గాలంటే స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు కాక ఇంకో రూ.5,43,750 మించి మినహాయింపులు ఉండాలి. 80సీ కింద లక్షన్నర, ఇంటి అప్పు వడ్డీ రెండు లక్షలు, ఆరోగ్య బీమా పాతిక వేలు... అన్నీ కలిపినా 3.75 లక్షలే. మిగతా 1,68,750 ఇంటి అద్దెలోంచో మరో దాంట్లోంచో రావాలి. సొంతింట్లో ఉంటూ అప్పు కట్టుకునేవాళ్లకు అది దొరకడం కష్టం. 2024లో 7.28 కోట్ల మందిలో 5.27 కోట్ల మంది కొత్త విధానానికే వెళ్లారు. ఇంకో మాట, గడువు దాటితే పాత విధానం ఎంచుకునే వీలే పోతుంది.

ఊళ్లో పొలం ఉన్న టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఒక గీత గుర్తుంచుకోవాలి. కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే, దానిపై పన్ను లేదు. కానీ అది ఏడాదికి రూ.5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. పైగా పన్ను లేని ఆ ఆదాయం మిగతా ఆదాయాన్ని పై శ్లాబులోకి నెడుతుంది. డిడక్షన్ పోను 13 లక్షల ఆదాయం ఉన్నవాళ్లకు 40 వేల కౌలు చూపిస్తే పన్ను సెస్సుతో రూ.4,160 పెరుగుతుంది. ఇదీ మనంతట మనం వేసుకోదగ్గదే.

స్థలం అమ్మిన ఏడాది మాత్రం నేను బేరం ఆడకుండా ఆడిటర్ దగ్గరికి వెళ్లమంటాను. 2012-13లో 10 లక్షలకు కొన్న ప్లాటు 2025-26లో 30 లక్షలకు అమ్మారనుకోండి. 2024 జులై 23కు ముందు కొన్న స్థలాలు, ఇళ్లకు ఇక్కడి నివాసులు రెండు రకాలుగా లెక్క కట్టుకుని, తక్కువ వచ్చిందే కట్టొచ్చు. ద్రవ్యోల్బణం సర్దుబాటు లేకుండా 20 లక్షల లాభంపై 12.5 శాతం అయితే రూ.2,50,000. సర్దుబాటుతో అయితే కొన్న ఏడాది ద్రవ్యోల్బణ సూచీ 200, అమ్మిన ఏడాది 376, కాబట్టి కొన్న ధర 18.8 లక్షలుగా మారుతుంది. మిగిలిన 11.2 లక్షలపై 20 శాతం రూ.2,24,000. తేడా 26 వేలు. ఐదు వేలో పది వేలో ఫీజు ఇక్కడే తీరిపోయింది.

అసలు చిక్కులు ఆ తర్వాత మొదలవుతాయి. రిజిస్ట్రేషన్ శాఖ విలువ మీరు అమ్మిన ధరకు పది శాతం మించి ఎక్కువుంటే, ఆ విలువకే అమ్మినట్టు లెక్క. మన దగ్గర తరచూ జరిగేది దీనికి తలకిందులు, దస్తావేజులో తక్కువ, మిగతాది నగదు. స్థలం సొమ్ములో రూ.20,000 లేదా అంతకు మించి నగదుగా పుచ్చుకుంటే, పుచ్చుకున్నంతా జరిమానాగా పడొచ్చు. దానికి ఏ ఆడిటరూ మందు వేయలేడు. తాతల నాటి భూమి అయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తేల్చాలి, అది ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను దాటకూడదు. వ్యవసాయ భూమి అయితే ముందుగా చూడాల్సింది దూరం. దగ్గర్లోని మున్సిపాలిటీ జనాభా లక్ష లోపైతే 2 కిలోమీటర్లు, పది లక్షల లోపైతే 6, ఆపైన 8. దారి వెంట కాదు, తిన్నగా గాల్లో కొలిచిన దూరం. ఆ గీత అవతల ఉన్న సాగుభూమి అమ్మితే మూలధన లాభం పన్నే ఉండదు. ఒక కిలోమీటరు తేడాలో లక్షలు అటో ఇటో అవుతాయి. సర్వే నంబరు, పటం చూసి కాగితాలు సిద్ధం చేసిపెట్టే మనిషికి ఇచ్చే ఫీజు ఖర్చు కిందికి రాదు.

ఫ్యూచర్స్, ఆప్షన్లు ఆడేవాళ్లదీ దాదాపు ఇదే దారి. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, సగటు నష్టం సుమారు 2 లక్షలని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024లో చెప్పింది. చట్టం దృష్టిలో అది వ్యాపార నష్టం, ఫారం ఐటీఆర్-3. ఆ నష్టాన్ని జీతంలోంచి తీసేయడానికి కుదరదు. గడువులోగా రిటర్ను వేస్తే ఎనిమిదేళ్లపాటు వ్యాపార లాభాల్లో సర్దుకోవచ్చు. 30 శాతం శ్లాబులో ఉన్నవాడికి 2 లక్షల నష్టం విలువ, సెస్సుతో, రూ.62,400. అదీ ముందు ముందు లాభం వస్తేనే.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్లు ఉన్నవాళ్లు అవి అమ్మకపోయినా రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టిక, షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపాలి. ఆ పట్టిక ఏప్రిల్ నుంచి మార్చికి కాదు, జనవరి నుంచి డిసెంబరుకు. చూపకపోతే నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షలు. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షలు మించకపోతే ఆ జరిమానా లేదు. మొదటి ఏడాది తెలిసినవాళ్లతో వేయించుకుని, తర్వాత అదే నమూనాతో మీరే వేసుకోవచ్చు.

ఇక ఫీజును రీఫండులో వాటాగా అడిగేవాళ్ల సంగతి. ఉదాహరణకు, లేని అద్దె, ఇవ్వని విరాళం చూపించి 40 వేల రీఫండ్ తెప్పించి 4 వేలు పుచ్చుకుంటాడు. దొరికితే ఆ 40 వేలు వెనక్కి కట్టాలి, తప్పుడు వివరాలు ఇచ్చినందుకు దానికి రెండింతలు, అంటే 80 వేలు, జరిమానా, ఆపై వడ్డీ. కట్టాల్సింది మీరే, ఎందుకంటే ధ్రువీకరణ మీ పేరునే ఉంది. ఇలాంటి ముఠాలపై 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా తనిఖీలకు దిగింది. అంతకుముందు నాలుగు నెలల్లో సుమారు 40 వేల మంది రిటర్నులు సరిదిద్దుకుని రూ.1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని అప్పుడే ప్రకటించింది. అందులో ఒక వివరం నాకు బాగా పట్టింది. కొందరు మధ్యవర్తులు రిటర్నులు గంపగుత్తగా వేయడానికి తాత్కాలిక ఈమెయిళ్లు సృష్టించి, తర్వాత వాటిని వదిలేశారట. నోటీసులు ఎవరూ తెరవని ఆ పెట్టెల్లోనే పడి ఉన్నాయి. అద్దె, విరాళం లాంటి ఈ మినహాయింపుల్లో చాలా వరకు కొత్త విధానంలో లేవు. కాబట్టి మీ రిటర్ను మిమ్మల్ని అడక్కుండా పాత విధానంలో పడిందంటే ఎందుకో అడగండి.

రిటర్ను ఎవరు వేసినా పోర్టల్‌లో ప్రొఫైల్ తెరిచి, మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. ఆడిటర్ ఆఫీసు నంబరు ఉంటే ఈరోజే మార్చండి. లోపం ఉందని వచ్చే నోటీసుకు 15 రోజులు, మీ లెక్క మారుస్తామని వచ్చే సర్దుబాటు ప్రతిపాదనకు 30 రోజులే గడువు. వేసిన రిటర్నును 30 రోజుల్లో ధ్రువీకరించకపోతే ఆ రోజు వేసినట్టు లెక్కకు రాదు. గడువు దాటాక రూ.5,000 ఆలస్య రుసుము ఉంది, ఆదాయం 5 లక్షల లోపైతే వెయ్యి. ఆడిటర్‌కు డబ్బిచ్చేటప్పుడు రిటర్ను వేసినట్టు వచ్చే రసీదుతో పాటు ఆదాయం, పన్ను లెక్క కట్టిన కాగితం కూడా అడిగి తీసుకోండి. స్థలం అమ్మిన ఏడాది ఆ కాగితం దగ్గరుంటే, ఏమీ అమ్మని మరుసటి ఏడాది రిటర్ను మీరే కూర్చుని వేసుకోవచ్చు.