ఇద్దరు వరులు, ఒక టైపురైటరు

ఇద్దరు పురుషులలో ఒకరిని కథానాయిక వరించవలసి రావడమన్నది హాస్యనాటకానికి తరతరాలుగా అందివచ్చిన ఇతివృత్తం. ఇటువంటి కథలలో తీర్పు సాధారణంగా ముందే సిద్ధమై ఉంటుంది. ఒకడు యోగ్యుడు, రెండవవాడు ధూర్తుడు. ఆ సంగతి ప్రేక్షకునికి మొదటి అంకంలోనే తెలుస్తుంది. నాయికకు మాత్రం చివరి అంకం దాకా తెలియదు. ఆ ఆలస్యమే కథ. 1940 జనవరిలో అమెరికాలో కొలంబియా సంస్థ విడుదల చేసిన 'హిజ్ గర్ల్ ఫ్రైడే' చిత్రం ఈ ఆనవాయితీని తలక్రిందులు చేసింది. అందులో యోగ్యుడెవడో, ధూర్తుడెవడో నాయికకు మొదటి నిమిషంనుంచీ తెలుసు. తెలిసి తెలిసి ఆమె ధూర్తుని వైపే మొగ్గుతుంది. చూచేవారు అందుకు సంతోషిస్తారు కూడ. ఎందుకు సంతోషిస్తారన్నదే ఆలోచించదగిన విషయం.

కథ జరిగేది ఒక్క దినంలో. హిల్డీ జాన్సన్ అనే విలేఖరి తాను పూర్వం పనిచేసిన 'మార్నింగ్ పోస్ట్' కార్యాలయానికి వస్తుంది. ఆ పత్రికా సంపాదకుడు వాల్టర్ బర్న్స్ ఒకప్పుడు ఆమెకు యజమాని మాత్రమే కాదు, భర్త కూడ. విడాకులైనవి. మరునాడు తాను ఆల్బనీ పట్టణానికి చెందిన బ్రూస్ బాల్డ్విన్ అనే బీమా ఉద్యోగిని పెండ్లాడబోతున్నాననీ, ఆ సాయంకాలం నాలుగు గంటల రైలుకు బయలుదేరుతున్నాననీ, ఇక పత్రికలతో తనకు పని లేదనీ చెప్పిపోవడానికే ఆమె వచ్చింది. వాల్టరుకు ఆ వార్త మింగుడుపడదు. ఆ రైలు తప్పించడమే అతని వ్యూహం. ఊరిలో ఎర్ల్ విలియమ్స్ అనే అమాయకపు మనిషికి మరునాటి ఉదయం ఉరిశిక్ష అమలు కానున్నది. పోలీసును కాల్చి చంపాడన్నది నేరం. ఎన్నికల ముందు అతనిని ఉరి తీయించి ఓట్లు దండుకోవాలన్నది నగరాధ్యక్షుని ఆత్రం. ఆ ఖైదీని కలుసుకొని ఒక్క వ్యాసం వ్రాసిపెట్టి వెళ్ళమంటాడు వాల్టరు. ప్రతిఫలంగా బ్రూసు దగ్గర లక్ష డాలర్ల బీమా తీసుకొంటాడు. పెండ్లికూతురు ఒప్పుకొంటుంది. ఆ తరువాత ఆమె ఎక్కవలసిన రైళ్ళు ఒకటొకటిగా వెళ్ళిపోతూనే ఉంటాయి.

ఈ చిత్రానికి మూలం 'ది ఫ్రంట్ పేజ్' అనే నాటకం. షికాగో పత్రికలలో విలేఖరులుగా పనిచేసిన బెన్ హెక్ట్, చార్లెస్ మెకార్థర్ అనే ఇద్దరు దానిని రచించగా 1928లో న్యూయార్కు రంగస్థలంమీద ప్రదర్శితమైంది. 1931లో ఒకసారి చలనచిత్రమైంది కూడ. ఆ నాటకంలో హిల్డీ జాన్సన్ పురుషుడు. పెండ్లిచేసుకొని ఉద్యోగం మానబోతున్న విలేఖరిని సంపాదకుడు తంత్రాలు పన్ని ఆపుతాడు. అక్కడ ఉన్నది ఉద్యోగానికీ పెండ్లికూతురికీ పోటీ. దర్శకుడు హోవర్డ్ హాక్స్ తరువాతి కాలంలో చెప్పుకొన్న దానినిబట్టి, ఒకనాడు హిల్డీ సంభాషణలను ఒక యువతిచేత చదివించగా అవి పురుషుడు చదివినప్పటికంటె బాగున్నట్లు ఆయనకు తోచిందట. అంతే, హిల్డీ స్త్రీ అయింది. చిత్రానువాదకర్త చార్లెస్ లెడరర్ ఆ ఇద్దరినీ విడాకులు పొందిన దంపతులను చేశాడు. ఇంగ్లీషులో సర్వనామాలు మారిస్తే చాలా వాక్యాలు యథాతథంగా నిలిచిపోతాయి. తెలుగులోనైతే కొన్ని క్రియాపదాలను కూడ తిరిగి వ్రాయవలసివచ్చేది! కాని ఆ చిన్న మార్పుతో నాటకం నడక అంతా మారిపోయింది. నాటకంలోని పెండ్లికూతురు స్థానంలో బ్రూసు వచ్చి కూర్చున్నాడు. ఉద్యోగమనే నిరాకారమైన ఆకర్షణ వాల్టరు రూపంలో మాటలాడసాగింది. ఈ చిత్రంలో రెండవ వరుడు నిజానికి మనిషి కాదు, వృత్తి.

బ్రూసు పాత్రను ధరించినవాడు రాల్ఫ్ బెల్లమీ. నాయిక చేజార్చుకొనే పాత్రలకు ఆనాటి హాలీవుడ్‌లో ఆయన పెట్టింది పేరు. 1937లో వచ్చిన 'ది ఆఫుల్ ట్రూత్' చిత్రంలోనూ ఇదే కారీ గ్రాంట్ చేతిలో ఓడిపోయాడు, ఆ ఓటమికి ఆస్కారు ప్రతిపాదనను కూడ సంపాదించుకొన్నాడు. ఈ చిత్రంలో వాల్టరు పాత్రధారి గ్రాంట్ ఒకచోట బ్రూసు పోలికలు చెబుతూ, అతడు సినిమాలలో కనిపించే రాల్ఫ్ బెల్లమీలా ఉంటాడంటాడు. అయితే బెల్లమీ గొప్పతనమంతా ఆ మనిషిని వెక్కిరింతకు బలి ఇవ్వకపోవడంలో ఉన్నది. బ్రూసు మూర్ఖుడు కాడు, నమ్మే స్వభావం కలవాడు. తల్లిని గౌరవిస్తాడు, వానకు గొడుగు సిద్ధంగా ఉంచుకొంటాడు, హిల్డీ నడిచే దారిలో తలుపు తెరచి పట్టుకొంటాడు. పది నిమిషాల ఎడబాటుకే విచారిస్తాడు. ఆమెకు ఇల్లు, పిల్లలు, నిశ్చింత ఇస్తానంటాడు, ఇవ్వగలడు కూడ. వాల్టరు మాటనైతే ఎవరూ నమ్మరు. ఆ ఒక్క దినంలోనే అతడు బ్రూసును మూడు పర్యాయాలు పోలీసులకు పట్టిస్తాడు, మూడూ కల్పిత నేరాలే. పెద్దావిడ అని చూడకుండా బ్రూసు తల్లిని ఎత్తుకుపోయిస్తాడు. పిల్లనిచ్చే తండ్రి ఎవడైనా ఏ వరుని వైపు చూస్తాడో చెప్పనక్కరలేదు.

మరి హిల్డీ చూచినదేమిటి? దానికి జవాబు రెండు ఘట్టాలలో ఉన్నది. మొదటిది చెరసాలలో. ఎర్ల్ విలియమ్స్ ఉన్న బోనును కెమెరా పైనుంచి చూపుతుంది, గొంతుకలు తగ్గుతాయి, అంతవరకూ ఊపిరి సలపనీయని సంభాషణ ఒక్కసారి నెమ్మదిస్తుంది. ఉద్యోగం పోయి తోటలలో తిరుగుతూ వీధి ఉపన్యాసాలు విన్నాడతడు. వస్తువు ఉన్నది ఉపయోగించడానికేనని ఎవరో ఉపన్యసించిన మాట అతని తలలో నాటుకుపోయింది. చేతిలో ఉన్నది తుపాకి. హిల్డీ ఆ తర్కపు కొసను పట్టుకొని మెల్లగా లాగుతుంది. ఆమె అతని నోట మాటలు పెడుతున్నదా, అతనిలో ఉన్న మాటలనే బయటికి తెస్తున్నదా అన్న సందేహం చూచేవారికి కలుగక మానదు, కలుగవలసినదే. కాని ఆ గదిలో ఆ మనిషిని మనిషిగా పలకరించినది ఆమె ఒక్కతే.

రెండవ ఘట్టం న్యాయస్థాన భవనంలోని విలేఖరుల గదిలో. హిల్డీ లేని సమయాన తోటి విలేఖరులు ఆమె టైపురైటరులో ఉన్న కాగితాన్ని తొంగిచూస్తారు. ఒకడు పైకి చదువుతాడు. పేకముక్కలు ఆగిపోతాయి. నోటికి ఎంతమాటైనా అనే ఆ మొరటు గుంపు నిశ్శబ్దమవుతుంది. ఇంత బాగా వ్రాయగల మనిషి కుట్టుపనికీ వంటకూ పరిమితమై ఎన్నాళ్ళుండగలదని వారు లెక్కలు వేస్తారు. పెండ్లి కొన్ని నెలలకంటె నిలవదన్నది వారి తీర్పు. ఆమె గుమ్మంలో నిలబడి వింటుంది. అది పరిహాసమూ, సన్మానమూ కూడ. చిత్రమంతటిలో ఆమెకు ఎవరైనా చేసిన అసలైన పొగడ్త ఇదే. కొంతసేపటికే వాల్టరు మోసం బయటపడగా, టెలిఫోనులో అతనికి వినబడేటట్లు ఆ కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చింపివేస్తుంది. చింపిన చప్పుడు చెవిని తాకితే నిజంగా బాధపడే పురుషుడు ప్రపంచంలో వాల్టరు ఒక్కడే. బ్రూసు అయితే ఆ వ్యాసం చదివి ఉండడు, చదవాలని అతనికి తోచనూ తోచదు. ఆమె అలసటను చూసి జాలిపడతాడు, ఆమె పనిని మాత్రం చూడడు.

శృంగారనైషధం చదివిన విద్యార్థులకు ఇక్కడ దమయంతి స్మరణకు రావచ్చు. ఆమె ఎదుట అయిదుగురు నలులు నిలిచారు. నలుగురు దేవతలకు చెమట లేదు, రెప్పపాటు లేదు, పాదాలకు ధూళి అంటలేదు. లోపం లేని ఆ నలుగురినీ విడిచి, చెమటా ధూళీ గల ఒక్కడి మెడలో ఆమె మాల వేసింది. హిల్డీ వరణంలోనూ ఆ గుర్తులే పనిచేశాయనుకోవచ్చు. అయితే నలునికి ఉన్న శీలం వాల్టరుకు లేదు, ఆ లోటును చిత్రం దాచలేదు కూడ.

ఆ కాలాన్ని మరచి ఈ కథను చూస్తే సగం మాత్రమే అర్థమవుతుంది. 1929 తరువాతి ఆర్థిక మాంద్యంలో, పెండ్లయిన స్త్రీ ఉద్యోగం చేయడం మరొక ఇంటి కూడు లాక్కోవడమేనన్న అభిప్రాయం అమెరికాలో ప్రబలింది. 1932లో చేసిన ఒక చట్టంలోని 213వ విభాగం ప్రకారం, కేంద్ర ప్రభుత్వోద్యోగులను తగ్గించవలసి వచ్చినప్పుడు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే వారిలో ఒకరిని ముందు తొలగించేవారు. తొలగింపబడినవారిలో అత్యధికులు భార్యలే. 1937లో గాని ఆ విభాగం రద్దు కాలేదు. అనేక ప్రాంతాలలో పాఠశాలల పాలకవర్గాలు వివాహిత స్త్రీలను ఉపాధ్యాయినులుగా నియమించేవి కావు. పనిలో ఉన్న ఉపాధ్యాయిని పెండ్లిచేసుకొంటే రాజీనామా ఇవ్వవలసిన చోట్లూ ఉండేవి. ఇంగ్లండులో ఉపాధ్యాయినులపై ఇటువంటి నిషేధం 1944 విద్యాచట్టంతో తొలగిపోయింది. చిత్రం చూడడానికి కూర్చున్న వారిలో ఈ నిబంధనల క్రింద జీవించినవారెందరో ఉండి ఉంటారు. పెండ్లో, పనో అన్న ప్రశ్న వారికి వినోదం కోసం అల్లిన చిక్కు కాదు.

రోజలిండ్ రసెల్ ఈ పాత్రకు దర్శకుడు మొదట కోరుకొన్న నటి కాదు. పేరుగాంచిన తారలు కొందరు కాదన్న తరువాతనే అది ఆమెకు దక్కింది. గ్రాంట్ మాటలకు ధీటుగా తనకు మాటలు లేవని తోచి, సొంత డబ్బుతో ఒక రచయితను రహస్యంగా కుదుర్చుకొని చమత్కారాలు వ్రాయించుకొన్నట్లు ఆమె తరువాత చెప్పింది. హిల్డీ అయినా అదే చేసి ఉండేది. ఒకరి మాట ముగియకముందే మరొకరు అందుకొనే సంభాషణ ఈ చిత్రానికి పేరు తెచ్చింది. వాక్యానికి మొదటా చివరా అప్రధానమైన మాటలు చేర్చి, అవి ఒకదానిపై ఒకటి పడినా అర్థం చెడకుండా చూచారు. ఈ వేగానికి హాస్యంతోపాటు మరొక ప్రయోజనమున్నది. వాల్టరుతో అంత వేగంగా మాటలాడగలది హిల్డీ ఒక్కతే. బ్రూసు మాట మొదలుపెట్టేసరికి ఆ సంభాషణ రెండు వీధులు దాటిపోయి ఉంటుంది.

అయినా ఆ వేగం దాటిపోయినవాటిలో దాటిపోకూడనివీ ఉన్నాయి. ఎర్ల్ విలియమ్స్‌పై జాలిపడిన మోలీ మలాయ్ అనే దీనురాలిని విలేఖరులు సూటిపోటి మాటలతో హింసిస్తారు. చివరికి, తప్పించుకొన్న ఖైదీ దాగిన చోటునుంచి వారి దృష్టి మరల్చడానికి ఆమె కిటికీలోనుంచి దూకుతుంది. క్షణకాలం గది నిర్ఘాంతపోతుంది. అటుపైన చిత్రం మళ్ళీ పరుగందుకొంటుంది. ఆమె సంగతి తరువాత ఎవరూ ఎత్తరు. హిల్డీ మనసు పత్రిక వైపు తిరిగిందని సంతోషించే ప్రేక్షకుడు, ఆ వృత్తి ఎటువంటి మనుషులను తయారుచేస్తున్నదో కూడ ఆ కిటికీ దగ్గర చూస్తాడు.

చిత్రం పేరులోనూ ఒక ముల్లు ఉన్నది. డానియల్ డిఫో 1719లో ప్రకటించిన రాబిన్సన్ క్రూసో కథలో దీవిలో దొరికిన సేవకుని పేరు ఫ్రైడే. యజమానికి కుడిచేయిగా ఉండే స్త్రీని ఆ పేరుతో పిలవడం ఇంగ్లీషులో వాడుకైంది. హిల్డీ ఎవరి సేవకురాలూ కాదని గంటన్నర సేపు నిరూపించిన చిత్రానికి ఆ పేరు పెట్టారు!

విలియమ్స్‌కు క్షమాభిక్ష పత్రం చేరిన తరువాత వాల్టరు ఉన్నట్టుండి ఉదారుడవుతాడు. బ్రూసు దగ్గరకు వెళ్ళిపొమ్మంటాడు. హిల్డీ నమ్ముతుంది. అంతలో టెలిఫోను మ్రోగుతుంది: దొంగనోట్లు దగ్గరున్నవన్న నేరంపై బ్రూసు మళ్ళీ పోలీసుల చేతిలో ఉన్నాడు. ఆ నోట్లు వాల్టరు అంటగట్టినవే. అంతటి దిట్ట అయిన హిల్డీ అప్పుడు భోరున ఏడుస్తుంది. మోసపోయినందుకు కాదు, వాల్టరు తనను నిజంగానే వదులుకొన్నాడని భయపడినందుకు, వదులుకోలేదని తెలిసినందుకు. హాస్యచిత్రాలలో ఇంత నిజాయితీగల కన్నీరు అరుదు. అది ఆమెకు గౌరవం తెచ్చే కన్నీరేనా అన్న విషయంలో విమర్శకులు నేటికీ ఏకీభవించరు.

మళ్ళీ పెండ్లి నిశ్చయమవుతుంది. ఈసారి విహారయాత్ర తప్పక నయాగరా జలపాతానికేనని వాల్టరు మాట ఇస్తాడు. ఇచ్చిన నిమిషానికే ఆల్బనీలో సమ్మె జరుగుతున్నదన్న వార్త వస్తుంది. ఆల్బనీ దారిలోనే ఉన్నది గనుక అక్కడ దిగవచ్చుననీ, ఉండడానికి బ్రూసు ఇంట్లో చోటు దొరుకుతుందేమోననీ అంటూ వాల్టరు చకచక నడుస్తాడు. ఉదయం బ్రూసు తలుపు పట్టుకొన్నాడు. ఇప్పుడు వాల్టరు ముందు నడుస్తున్నాడు. పెట్టె హిల్డీ చేతిలోనే ఉన్నది.