సెయింట్ హెలెన్స్ చెంత బాలికల భూశాస్త్ర శిబిరం

1980 మే 18, ఆదివారం. స్థానిక కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 32 నిమిషాలు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ సెయింట్ హెలెన్స్ శిఖరం మీద ఒక చిన్న విమానం ఎగురుతోంది. అందులో ఉన్నవారు కీత్, డొరొతీ స్టాఫెల్. దంపతులిద్దరూ భూవిజ్ఞానులే. వారు చూస్తుండగానే పర్వతం ఉత్తరపు వాలు కదిలి కిందికి జారిపోయింది. విమానాన్ని ఏటవాలుగా దించి వేగం పెంచడంతో ప్రాణాలతో బయటపడ్డారు. దాదాపు 10 కిలోమీటర్ల దూరాన పరిశీలన విధుల్లో ఉన్న యువ శాస్త్రవేత్త డేవిడ్ జాన్‌స్టన్ మాత్రం మరణించారు. నాటి మృతులు 57 మంది.

ఆ పర్వతం చెంతనే 2015లో ‘జియోగర్ల్స్’ పేరిట బాలికలకు వేసవి శిబిరం మొదలైంది. అమెరికా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ, మౌంట్ సెయింట్ హెలెన్స్ ఇన్‌స్టిట్యూట్ దీని నిర్వాహకులు. మాధ్యమిక పాఠశాల బాలికలు ఐదు రోజులపాటు కోల్డ్‌వాటర్‌లోని విజ్ఞాన కేంద్రంలో బస చేస్తారు. రుసుము లేదు. తోడుగా మహిళా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, కాస్త పెద్ద తరగతుల విద్యార్థినులు ఉంటారు.

ఇక్కడ పాఠ్యపుస్తకం పర్వతమే. భూకంపమాపక పరికరాన్ని తామే నేలలో అమర్చి, దాని గీతలను చదవడం నేర్చుకుంటారు. గుంత తవ్వి, పొరలుపొరలుగా పేరుకున్న బూడిదను పరిశీలించి, ఏ పొర ఏ విస్ఫోటనానిదో నిర్ధారిస్తారు. చివరకు తమ పరిశీలనలను వెబ్‌సైట్ రూపంలో అందరి ముందు ఉంచుతారు.

ఇంతకూ ఆనాడు జరిగిందేమిటి? ఈ పర్వతపు శిలాద్రవంలో సిలికా ఎక్కువ. అందువల్ల అది చిక్కగా ఉండి సులభంగా ప్రవహించదు, వాయువులను తనలోనే బంధించుకుంటుంది. 1980 వసంతంలో అది పర్వతగర్భంలోకి ఎగదన్నడంతో ఉత్తర పార్శ్వం రోజుకు దాదాపు 2 మీటర్ల చొప్పున ఉబ్బింది. మే 18న 5.1 తీవ్రతతో భూమి కంపించగా ఆ ఉబ్బెత్తు భాగమంతా ఒక్కసారిగా జారిపోయింది. చరిత్రలో నమోదైన కొండచరియల పతనాల్లో అదే అతి పెద్దది. గోలీసోడాలో గోలీని నొక్కగానే వాయువు చిమ్ముకొచ్చినట్లు, పైబరువు తొలగగానే శిలాద్రవం పేలింది. పేలుడు పైకి కాక పక్కకు దూసుకువెళ్లి సుమారు 600 చదరపు కిలోమీటర్ల అడవిని నాశనం చేసింది. 2,950 మీటర్ల శిఖరం 2,549 మీటర్లకు తగ్గింది. జారిన శిథిలాలు వాగుకు అడ్డుపడగా ఏర్పడినదే నేటి కోల్డ్‌వాటర్ సరస్సు. అంటే శిబిరానికి వచ్చే బాలికలు చూసే ఆ సరస్సు వయసు వారి తల్లిదండ్రుల వయసుకు అటూఇటుగా ఉంటుంది!

బాలికలకే ప్రత్యేకంగా ఎందుకన్న ప్రశ్న సహజం. సమాధానం ఆ శాస్త్ర చరిత్రలోనే ఉంది. 1893లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందిన ఫ్లారెన్స్ బాస్కమ్, మగ విద్యార్థుల దృష్టి చెదరకూడదంటూ తెర చాటున కూర్చోబెడితే పాఠాలు విన్నారు. 1896లో ఆమె అమెరికా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో నియమితురాలైన తొలి మహిళా భూవిజ్ఞాని అయ్యారు. తెరలు పోయాయి గాని, కొండలెక్కే చదువు ఆడపిల్లలకెందుకన్న మాట చాలా ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. పన్నెండు, పదమూడేళ్ల ప్రాయంలో ఆ మాట బలంగా నాటుకుంటుంది. సుత్తి చేతపట్టి రాళ్లు పరిశీలిస్తున్న ఒక మహిళను ఆ వయసులోనే దగ్గరగా చూడడం ఎన్ని ఉపన్యాసాలకైనా మించిన జవాబు.

మన దేశంలో క్రియాశీలంగా ఉన్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం. అక్కడ శిబిరం పెట్టడం సాధ్యం కాదు. అయితే చల్లారిన లావాకు మనకు కొదవ లేదు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కన్ పీఠభూమిని కప్పిన లావా తెలంగాణ పశ్చిమ ప్రాంతాల్లోని నల్లరేగడికి మూలం. ఆ ప్రవాహాలే పురాతన నదీలోయల వెంబడి వందల కిలోమీటర్లు సాగి గోదావరి తీరానికి చేరాయని శాస్త్రవేత్తల అంచనా. రాజమహేంద్రవరం వద్ద కాతేరు, నదికి ఆవలనున్న పంగిడి క్వారీల్లో ఆ నల్లరాయి నేటికీ కనిపిస్తుంది. రెండు లావా పొరల నడుమ సముద్రపు నత్తగుల్లల శిలాజాలున్న అవక్షేపాల పొర ఉంది. దాన్ని చూడడానికి ఆ చుట్టుపక్కల పాఠశాలల బాలికలకు ఒక పూట బస్సు ప్రయాణం చాలు.