మనము తిను క్రొవ్వు, మెదడులోని క్రొవ్వు

చలికాలపు ఉదయమున ఢిల్లీ వీధులలో ఛోలే భటూరే అంగళ్ళయొద్ద నూనె మూకుళ్ళు సెగలు గ్రక్కుచుండును. అచ్చట స్థిరపడిన మన తెలుగువారికిని ఆ రుచి అలవడినది. ఇట్లు తినిన క్రొవ్వు మెదడునకు చేరునా?

నీటిని మినహాయించి తూచినచో మెదడులో సగమునకు పైగా క్రొవ్వు పదార్థములే. శరీరమందలి కొలెస్టరాల్‌లో సుమారు ఐదవ వంతు అచ్చటనే యున్నది. అయినను రక్తములోని కొలెస్టరాల్ ఆ లోపలికి పోజాలదు. మెదడులోని సన్నని రక్తనాళముల గోడలు దానిని అడ్డగించును. తనకు వలసినదానిని మెదడు తానే తయారుచేసికొనును. నేయి త్రాగినంతమాత్రమున తెలివి పెరుగదు.

డి.హెచ్.ఎ. అను క్రొవ్వు ఆమ్లము సంగతి వేరు. నాడీకణముల పొరలకు అవసరమైన ఈ ఆమ్లము చేపలలో సిద్ధముగా లభించును. అవిసెలు, ఆవనూనె తినువారి శరీరము దానిని కొద్దిగా మాత్రమే తయారుచేసికొనగలదు.

అధికమైన క్రొవ్వు పెట్టిన ఎలుకలలో, ఆకలిని అదుపుచేయు మెదడు భాగము కొలదిదినములలోనే శోథకు లోనైనది. మనుష్యులకును అట్లే జరుగునని అప్పుడే నిశ్చయింపరాదు. మనకు తెలిసిన కీడు రక్తనాళముల మార్గమున వచ్చును. అవి పూడుకొనినచో మెదడునకు రక్తము అందదు. పక్షవాతము పెక్కుసార్లు ఇట్లే కలుగును. ఈ పూడికను ట్రాన్స్ క్రొవ్వు మిక్కిలి ప్రోత్సహించును. కావుననే 2022 జనవరి 1 నుండి వంటనూనెలలోను, వనస్పతిలోను అది నూటికి 2 వంతులు మించరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమము విధించినది.