వేసవి వానలు – చిన్న కమతంపై ప్రభావం

తెలుగు ప్రాంతాలలో చిన్న రైతు మే నెల ఎండను నమ్ముకొని పనులు అమర్చుకుంటాడు. దాళ్వా ధాన్యం, మిరప ఆరబెట్టడం, మామిడి కోత, వేసవి దుక్కులు ఆ ఎండపైనే ఆధారపడి ఉంటాయి. 2025లో ఆ ఎండ కొరవడింది. నైరుతి రుతుపవనాలు మే 24న కేరళను తాకి, రెండు రోజులకే రాయలసీమలో ప్రవేశించాయి. దేశ సగటు వర్షపాతం 126.7 మిల్లీమీటర్లకు చేరి, 1901 తరువాత అత్యధిక వర్షం కురిసిన మే నెలగా నమోదయింది.

ఇటువంటి వేసవిలో తొలి దెబ్బ కళ్లంలోని ధాన్యానికి తగులుతుంది. తేమ 17 శాతం మించిన ధాన్యం మద్దతు ధరకు అర్హం కాదు. యంత్రంతో కోసిన గింజలో తేమ సాధారణంగా అంతకు మించే ఉంటుంది గనుక ఆరబెట్టక తప్పదు. గిడ్డంగి గల రైతు వేచి ఉండగలడు. రెండెకరాల రైతుకు రోడ్డు అంచే కళ్లం. తడిసిన గింజ రంగు మారుతుంది, మొలకెత్తుతుంది, మిల్లులో నూకవుతుంది. పట్టా కప్పి రోజుల తరబడి ఉంచినా కుప్ప లోలోపల వేడెక్కి చెడుతుంది. తెరపి దొరికిన ప్రతిసారీ పట్టా తీసి ధాన్యాన్ని తిరగవేయాలి. కోయని చేను పడిపోతే నీటిని తీసివేసి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి వెన్నులపై పిచికారీ చేస్తే మొలక తగ్గుతుంది.

మామిడిలో కాయ పక్వానికి వచ్చే వేళ వాన పడితే పండు ఈగ, మచ్చ తెగులు పెరుగుతాయి.

లాభం లేకపోలేదు. బోర్లపై భారం తగ్గుతుంది. జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైర్లకు పదును దొరుకుతుంది. అయితే వేసవి దుక్కి ఉద్దేశం తుంగ గడ్డలను, పురుగుల కోశాలను ఎండకు మాడ్చడం. ఎండ లేనిదే దుక్కి సగం పనే చేస్తుంది.

అసలు ప్రమాదం తొందరపాటు విత్తనంలో ఉన్నది. 2025లో మే చివర రుతుపవనాల పురోగమనం నిలిచిపోయి, జూన్ మధ్య వరకు కదలలేదు. పత్తికి 60 నుండి 75 మిల్లీమీటర్ల వర్షం పడి నేల బాగా తడిసిన తరువాతనే విత్తనం వేయాలన్నది శాస్త్రజ్ఞుల సూచన. ఆ ఏడాది 475 గ్రాముల బి.టి. పత్తి విత్తన ప్యాకెట్ ధర 901 రూపాయలు. మొలక ఎండితే ఆ ఖర్చు మరొకమారు భరించవలసిందే.

తొలి వానలకు చిగిర్చి మళ్లీ వాడిన జొన్న పిలకలు మేసిన పశువులకు నాము సోకుతుంది. వానలు ముందే వచ్చిన సంవత్సరం గొంతువాపు టీకాలను కూడా ముందుకు జరపవలసి ఉంటుంది.

నష్టాల నమోదులో అధికారులు గమనించవలసిన అంశం ఒకటున్నది. ప్రధానమంత్రి ఫసల్ బీమా అమలయ్యే చోట, కోసి పొలంలో ఆరవేసిన పంటకు 14 రోజుల వరకు అకాల వర్షాల నుండి రక్షణ ఉన్నది. సమాచారం 72 గంటలలోగా అందాలి. రోడ్డు పక్కన పోసిన ధాన్యం ఆ నిబంధనలో ఇమడదు. అడంగల్‌లో పేరు లేని కౌలు రైతు విషయంలో ఈ చిక్కు రెట్టింపవుతుంది. కనుక వాన వెలిసిన వెంటనే కళ్లాలకు వెళ్లి సాగుదారు పేరుతోనే వివరాలు రాసుకొనడం అవసరం.