ఓరుగల్లు రాణికి కాల్షీట్లిస్తే...!

సినిమా తీసేవాళ్లు రెండు రకాలు. కథ చేతిలో పట్టుకుని దానికి సరిపోయే హీరో కోసం తిరిగేవాళ్లు ఒక రకం. ముందు హీరో కాల్షీట్లు సంపాదించి, ఆ తర్వాత కథ కోసం రచయితల్ని లాడ్జీలో కూర్చోబెట్టేవాళ్లు రెండో రకం!

'సివిలైజేషన్' అనే కంప్యూటర్ ఆట ఆడేవాళ్లంతా ఈ రెండో రకం నిర్మాతలే. నేల ఎలా ఉందో, నది ఎక్కడుందో, పక్క రాజు మంచివాడో ముంచేవాడో... ఏమీ తెలియకముందే నాయకుణ్ణి ఎన్నుకోవాలి. ఎన్నుకున్నాకే తెర లేస్తుంది. తీరా చూస్తే మన హీరోగారు సముద్రవీరుడు, చుట్టూ ఉన్నది ఎడారి! ఇక కథ నడిపించుకోవలసిన బాధ్యత మనదే.

ఈ ఆట ఎరగని పాఠకుల కోసం రెండు ముక్కలు. 1991లో సిడ్ మీయర్, బ్రూస్ షెల్లీ కలిసి తయారు చేయగా అమెరికాలోని మైక్రోప్రోస్ సంస్థ దీన్ని విడుదల చేసింది. చదరంగంలాగా వంతులవారీగా సాగుతుంది. కత్తి పట్టుకుని ఎగిరి దూకే పని లేదు. క్రీస్తుపూర్వం 4000లో ఒక చిన్న గుంపుతో మొదలుపెట్టి ఊరు కట్టాలి, పంట పండించాలి, చదువు నేర్వాలి, చివరికి రాకెట్లు కూడా ఎగరెయ్యాలి. గెలవడానికి యుద్ధం ఒక్కటే దారి కాదు సుమండీ! విజ్ఞానంతో గెలవచ్చు, కళలతో గెలవచ్చు, మతంతోనూ గెలవచ్చు. 2016లో వచ్చిన ఆరో భాగం సెల్‌ఫోన్లలోకి కూడా దిగింది. ఏడో భాగం 2025 ఫిబ్రవరిలో విడుదలైంది.

గాంధీగారి చేతిలో అణుబాంబా!

మన దేశానికి ఈ ఆటలో మొదటి కథానాయకుడు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ గాంధీ మహాత్ముడే! 1991 నుంచీ ఆయనే. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆటగాళ్లలో ఒక పుకారు పుట్టింది. మొదటి ఆటలో లెక్క తప్పి గాంధీగారు ఉన్నట్టుండి అణుబాంబులు వేసేస్తారని! ఎంతగా పాకిందంటే, 2010లో వచ్చిన అయిదో భాగంలో సరదా కోసం నిజంగానే ఆయనకు అణ్వస్త్రాల మోజు పెట్టారు. చివరికి సిడ్ మీయర్ 2020లో ఆత్మకథ రాస్తూ, మొదటి ఆటలో అలాంటి తప్పు అసలు లేదని తేల్చేశాడు. సినిమా తారల మీదే కాదు, ఆటలో బొమ్మల మీదా గాసిప్స్ పుడతాయన్నమాట!

2018లో గాంధీతోపాటు చంద్రగుప్త మౌర్యుడు కూడా వచ్చి చేరాడు. ఇక్కడే ఉంది కిటుకు. దేశం ఒకటే, ఏనుగుల దళం ఒకటే, మెట్ల బావులూ అవే. నాయకుడు మారితే మాత్రం ఆటే మారిపోతుంది. గాంధీ మీదికి యుద్ధానికి వస్తే, వచ్చినవాడి ప్రజలకే యుద్ధం మీద విసుగు రెట్టింపవుతుంది. చంద్రగుప్తుడైతే పక్క రాజ్యం మీదికి దండెత్తిన మొదటి పది వంతులు అతని సైన్యం వేగం, బలం రెండూ పెరుగుతాయి. ఒకే కథని ఒక హీరోతో కుటుంబచిత్రంగా, ఇంకో హీరోతో ఫైటింగ్ పిక్చర్‌గా తీసినట్టు!

హన్మకొండలో గంటల లెక్కన అద్దె తీసుకునే ఒక గేమింగ్ సెంటర్లో ఓ సాయంత్రం కూర్చుని చూశాను. ఇంజనీరింగ్ చదివే ఇద్దరు కుర్రాళ్లు ఇదే ఆట ఆడుతున్నారు.

"అరే, రోమ్ తీస్కోరా. రోడ్లు పుక్కట్ల పడ్తయ్," అంటున్నాడొకడు.

"గాంధీని తీసుకోరేం తమ్ముడూ?" అన్నాను.

"గాంధీతోని ఓపిక కావాలన్నా. మాకు గంటే టైం ఉన్నది!"

రోమ్ సలహాలో తప్పేం లేదు. ట్రాజన్ చక్రవర్తిని ఎన్నుకుంటే కొత్త ఊళ్లకు రాజధాని నుంచి రోడ్లు వాటంతటవే పడతాయి. ప్రతి ఊరికీ మొదట్లోనే ఒక కట్టడం ఉచితం. కొత్తగా ఆడేవాళ్లకి ఇంతకంటే మంచి గురువు లేడు. కానీ ఆ కుర్రాళ్ల వెనక గోడ మీద కాకతీయ కళాతోరణం బొమ్మ ఉంది. దాన్ని చూశాక నాకో ఊహ తట్టింది. ట్రాజన్‌కి ఇచ్చిన కాల్షీట్లు మన ఓరుగల్లు రాణికి ఇస్తే?

నది లేని కథ

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆరో భాగంలో ఊరికి ప్రాణం నీళ్లు. నది పక్కన ఊరు పెడితే జనాభా పెరుగుతుంది, నీళ్లు లేనిచోట పెడితే కొద్దిమందితోనే ఆగిపోతుంది. అందుకే ఆరితేరిన ఆటగాడు నది కనపడితేనే గుడారం వేస్తాడు. ఈజిప్టు క్లియోపాత్రాకైతే నది పక్కన ఏం కట్టినా త్వరగా లేస్తుంది.

మరి ఓరుగల్లు? గోదావరి ఉత్తరాన దూరంగా, కృష్ణ దక్షిణాన దూరంగా. మధ్యలో రాళ్ల గుట్టలు, ఎర్రనేల. ఏ ఆటగాడూ రాజధాని పెట్టని చోటు! అక్కడే కాకతీయులు రాజధాని పెట్టారు. నది లేదని ఏడుస్తూ కూర్చోలేదు. రెండు గుట్టల మధ్య కట్ట వేసి వాననీటిని నిలబెట్టారు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు అలా పుట్టినవే. రామప్ప గుడి కట్టింది 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. ఆ గుడితోపాటే చెరువూ వెలిసింది. గుడి, చెరువు, ఊరు మూడూ కలిపి ఒకే ప్యాకేజీ అన్నమాట! ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

ఆటలో మన దేశానికిచ్చిన మెట్ల బావి కూడా మనకేం కొత్త కాదు. వరంగల్ శివనగర్‌కి వెళ్తే కాకతీయుల కాలపు మెట్ల బావిని కళ్లారా చూడొచ్చు.

ఇక డబ్బు మాట. చెరువులతో పంట పండుతుంది గాని ఖజానా నిండదు. అందుకని గణపతిదేవుడు కోస్తా మీదికి చూపు సారించాడు. మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయమిస్తూ 1244 ప్రాంతంలో శాసనం వేయించాడు. ఓడ పగిలినా సరుకు లాక్కోం, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం అని భరోసా! ముందు నీళ్లు, తర్వాత పంట, ఆ తర్వాత రేవు, వీటన్నిటికీ కాపలాగా కోట. ఈ వరస ఏ ఆటగాడైనా డైరీలో రాసుకోదగ్గది.

అసలు ఎన్నిక

గణపతిదేవుడికి కొడుకులు లేరు. నాయకుణ్ణి ఎన్నుకోవలసిన ఘట్టం ఆయనకు నిజంగానే ఎదురైంది. మీట నొక్కితే పోయేది కాదు. కూతురు రుద్రమను ఎన్నుకున్నాడు. శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు! 2015లో గుణశేఖర్ తీసిన 'రుద్రమదేవి'లో అనుష్క మగవేషంలో రాజ్యమేలిన కథ మీరంతా చూసిందే. గోన గన్నారెడ్డిగా అల్లు అర్జున్ కొట్టించుకున్న ఈలలు ఇంకా చెవుల్లో ఉన్నాయి కదూ!

ఆటలో రుద్రమ లేదు గాని ఆమెకు అక్కలాంటి రాణి ఒకామె ఉంది. జార్జియా దేశపు తమార్, 1184 నుంచి 1213 దాకా పాలించింది. ఆమెనూ అక్కడివాళ్లు 'రాజు' అనే పిలిచారు. 2018లో ఆమెకు ఆటలో చోటు దొరికింది. మన రాణికి ఇంకా పిలుపు రాలేదు. ఏడో భాగం విడుదలైనప్పుడు మౌర్యులు, చోళులు, మొఘలులు ఉన్నారు, అశోకుడు ఉన్నాడు. కాకతీయులు లేరు.

ఉంటే ఎలా ఆడాలంటారా? ఆమె 1262 ప్రాంతంలో పూర్తి అధికారం చేపట్టిన నాటికి ఒకవైపు దేవగిరి యాదవులు, ఇంకోవైపు ఆడది ఏలడమేమిటన్న సామంతులు. ఆమె యాదవ మహాదేవుణ్ణి తిప్పికొట్టింది, కోట గోడలు పెంచింది. వంశం చూసి కాకుండా సత్తా చూసి నాయకులకు భూములప్పగించి, ఆ రాబడితో సైన్యాన్ని పోషించమంది. అదే నాయంకర పద్ధతి. ఆరో భాగంలో గవర్నర్లని ఊళ్లకు పంపినట్టే! గవర్నరుంటే ఊరు మన మాట వింటుంది. విధేయత తగ్గిందా, ఊరే చెయ్యిజారి పోతుంది.

రుద్రమ విషయంలో జరిగిందీ అదే. విలన్ బయటినుంచి రాలేదు. కాయస్థ అంబదేవుడు, సొంత సామంతుడే, ఎదురు తిరిగాడు. 1289 నాటి చందుపట్ల శాసనం రాణి మరణించిందని చెబుతోంది. అంబదేవుడితో పోరులోనే ఆమె ప్రాణం పోయిందని చరిత్రకారుల మాట.

ఇక్కడే ఆటకీ చరిత్రకీ పొసగదు. ఆటలో నాయకుడు ఆరు వేల ఏళ్లు బతుకుతాడు. ఓడినా మళ్లీ మొదలెట్టొచ్చు. రుద్రమకు ఉన్నది ఒక్కటే ప్రాణం, ఒక్కటే వంతు. ఆ సంగతి తెలిసే ఆమె ముందుగా కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి వారసుడిగా తీర్చిదిద్దింది.

ఎవరు గెలిచినట్టు?

1310లో మాలిక్ కాఫర్ ముట్టడికి ప్రతాపరుద్రుడు కప్పం కట్టాడు. 1323లో ఢిల్లీ సైన్యం కోటను పట్టేసింది. ఆటైతే ఇక్కడ 'మీరు ఓడిపోయారు' అని పడి ఊరుకుంటుంది. కాని రుద్రమ పాతిన నాయంకర విత్తనం చావలేదు. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును మళ్లీ చేజిక్కించుకున్నాడు. సింహాసనం పోయి ఏడు వందల ఏళ్లు దాటినా పాకాల చెరువు నీటికి ఇప్పటికీ వరి పండుతోంది. ఇది ఏ రకం విజయమో సిడ్ మీయర్‌గారి జాబితాలో లేదు!

అదే నగరంలో 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో కాలనీలు నీట మునిగాయి. చెరువు శిఖాలు, నాలాలు ఆక్రమణల పాలు కావడం దానికొక ముఖ్యకారణం. కాకతీయులు వాననీటికి దారి చూపించి గెలిచారు, మనం ఆ దారికి అడ్డంగా ఇళ్లు కట్టి ఓడుతున్నాం.

కాబట్టి కుర్ర ఆటగాళ్లకు నా సలహా ఇదీ. నాయకుణ్ణి ఎన్నుకునేటప్పుడు కత్తి పదును ఒక్కటే చూడకండి. ఈ మనిషి ఏ కష్టానికి మందు అని అడగండి. నేల కనపడగానే ముందు వేసుకున్న పథకం అక్కడే ఆపి, నీళ్లెక్కడున్నాయో చూడండి. నమ్మి ఊరప్పగించిన వాడి మీద ఒక కన్నేసి ఉంచండి. వచ్చే ఆదివారం వీలైతే ఖిలా వరంగల్ వెళ్లి అగడ్త, రాతికోట, మట్టికోట వరసగా చూసి రండి. తర్వాత రోమ్‌ను ఎన్నుకున్నా సరే, ఆట మాత్రం మునుపటిలా ఆడరు!